నో-ఫాల్ట్ విడాకులు, పరస్పర అంగీకారం ఒకటి కావు

సంపాదకులకు నమస్కారం.

విడాకుల చట్టాలపై వచ్చే వార్తల్లోనూ చర్చల్లోనూ నో-ఫాల్ట్ విడాకులనూ పరస్పర అంగీకార విడాకులనూ ఒకే గాటన కట్టేయడం తరచూ కనిపిస్తోంది. ఎవరి తప్పునూ నిరూపించనక్కర్లేదన్నది రెండింటికీ వర్తించే మాటే. అయితే పరస్పర అంగీకారంలో భార్యాభర్తలిద్దరూ ఒప్పుకోవాలి. పూర్తిస్థాయి నో-ఫాల్ట్ పద్ధతిలో మాత్రం, ఇక కలిసి బతకలేమని ఒక్కరు చెప్పినా చాలు. రెండోవారు కాదన్నంత మాత్రాన విడాకులు ఆగవు. వివాదమంతా ఇక్కడే ఉంది.

తప్పు నిరూపించాల్సిన పద్ధతిలో వ్యభిచారమో, క్రూరత్వమో, విడిచి వెళ్లిపోవడమో రుజువు కావాలి. అందుకని ఏనాడో మరిచిపోయిన గొడవలను సైతం తేదీలతో సహా తవ్వి తీసి పిటిషన్‌లో రాయించాల్సి వస్తుంది, కౌంటర్‌లో అవతలివారూ తక్కువ తినరు. ఇంగ్లండ్‌లో ఒక మహిళ భర్త ప్రవర్తనపై 27 సంఘటనలు ఏకరువు పెట్టినా అవి చాలవని కింది కోర్టు తేల్చింది. ఆ కాపురం ముగిసిపోయిందని ఒప్పుకుంటూనే విడాకులు నిరాకరించింది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు, చట్టాన్ని మార్చాల్సింది పార్లమెంటేనంటూ ఆమె అప్పీలును తోసిపుచ్చింది. 2020లో చట్టం మారి 2022 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చాక, వివాహం విఫలమైందన్న ప్రకటన ఒక్కటే సరిపోతోంది. అలాగని మర్నాడే విడాకులు చేతికి రావు: ముందు 20 వారాలు, ఆపైన మరో ఆరు వారాలు ఆగాలి. 1970 జనవరి 1 నుంచే నో-ఫాల్ట్ అమల్లో ఉన్న కాలిఫోర్నియాలోనూ కనీసం ఆరు నెలల గడువుంది. (ఆ చట్టంపై సంతకం చేసిన గవర్నర్ రోనాల్డ్ రీగన్ సంప్రదాయవాది, తానూ విడాకులు పొందినవాడు.)

ఆస్తి పంపకం, భరణం, పిల్లల సంరక్షణ ఈ పద్ధతిలోనూ విడిగా తేలాల్సిందే. హింస జరిగి ఉంటే క్రిమినల్ కేసుకు అడ్డేమీ లేదు.

మన హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకారానికి చోటు 1976లో, 13-బి సెక్షన్‌తో దొరికింది. కానీ డిక్రీ వచ్చేలోగా ఒకరు మనసు మార్చుకుంటే ఆ పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. మిగిలేది మళ్లీ ఆరోపణల దారే. కోలుకోలేనంతగా దెబ్బతిన్న వివాహాన్ని విడాకులకు కారణంగా చేర్చాలని లా కమిషన్ 1978లోనే సిఫారసు చేసింది. ఆ మేరకు తెచ్చిన బిల్లు 2013లో రాజ్యసభ దాటినా చట్టం కాలేదు. సుప్రీంకోర్టుకు ప్రత్యేక అధికారాలిచ్చే రాజ్యాంగం 142వ అధికరణం కింద ఆ కారణంతో తాము విడాకులివ్వవచ్చని 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది గానీ, ఆ అధికారం ఫ్యామిలీ కోర్టుకు లేదు. అంటే ఢిల్లీ దాకా కేసు నడపగల స్తోమత ఉన్నవారికే ఆ వెసులుబాటు.

సంపాదన లేని భార్య చేతిలో ‘నేను ఒప్పుకోను’ అన్న మాటే ఆఖరి ఆయుధమని, దాన్నీ లాగేసుకుంటే ఆమె వీధిన పడుతుందని ఎదురయ్యే అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అయితే ఆమెకు కావలసింది భరణం, నీడ. వాటిని నేరుగా ఇప్పించాలి గానీ, చచ్చిన కాపురానికి కట్టిపడేసి కాదు. విడాకుల వల్ల తీవ్ర ఆర్థిక ఇబ్బంది కలుగుతుందంటే భార్య అభ్యంతరం చెప్పే వీలును ఆ బిల్లులోనే పెట్టారు. బిల్లు మళ్లీ వస్తే, ఆ ఇబ్బందిని కోర్టు దేన్నిబట్టి లెక్కగట్టాలన్నది అందులోనే స్పష్టంగా రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు