అహల్య రాయిగా మారిందా?

సంపాదకులకు నమస్కారం.

శ్రీరామనవమికి పత్రికల అనుబంధాల్లో అహల్య కథ వస్తే, రాయిగా మారిన స్త్రీ రాముడి పాదం సోకి మనిషైందనే వేస్తారు. వాల్మీకి బాలకాండలో ఆ రాయి లేదు. గౌతముడి శాపంతో ఆమె ఎవరికీ కనిపించకుండా, గాలే ఆహారంగా, బూడిదలో పడుకుని తపస్సు చేస్తుంది. రాముడు ఆశ్రమంలో అడుగుపెట్టడంతో శాపం తీరి, అందరికీ కనిపిస్తుంది. ఆ తర్వాతి శ్లోకం ముఖ్యం: రామలక్ష్మణులే ఆమె పాదాలు పట్టుకుంటారు! 49వ సర్గ తెరిచి ఎవరైనా చూడవచ్చు. కాళిదాసు రఘువంశం నాటికే ఆమె శిల అయింది. కంబరూ తులసీదాసూ రాముడి పాదధూళి మహిమను పాడారు. భక్తి కథను అలా మలుచుకోవడాన్ని నేను తప్పుపట్టను, ఆ కావ్యాలూ మనవే. కానీ ఈ మార్పులో నమస్కారం అందుకున్న స్త్రీ పాదస్పర్శకు ఎదురుచూసే రాయి అయింది. ఏళ్ల తరబడి ఆమె చేసిన తపస్సు కథలోంచి జారిపోయింది. అది నాకు బాధగా ఉంది. పిల్లలు చదివే పేజీలో ఈసారైనా రెండు కథలూ పక్కపక్కనే వేయండి; మూలశ్లోకాలు తాత్పర్యంతో సహా ఇవ్వండి.

— ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, విజయనగరం