అమ్మమ్మకు, కాసెల్ నుంచి

కాసెల్,
నవంబరు 2

అమ్మమ్మా,

నీకు కొత్త కళ్ళజోడు వచ్చిందని అమ్మ చెప్పింది. అయినా పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను, నిదానంగా చదువుకో. ఇక్కడ ఐదింటికే చీకటి పడిపోతోంది. నువ్విచ్చిన ఉసిరికాయ పచ్చడి ఇంకా సగం సీసా ఉంది.

మొన్న సెలవుల్లో కథల ఊళ్ళు తిరిగొచ్చాను. ఎర్ర టోపీ పిల్ల, ముళ్ళ కోటలో నిద్రపోయే రాజకుమారి కథలున్నాయి చూడు, వాటిని పోగుచేసి అచ్చు వేయించిన గ్రిమ్ అన్నదమ్ములది ఈ జర్మనీ దేశమే. వాళ్ళు పుట్టిన హనావు నుంచి బ్రేమెన్ దాకా దాదాపు 600 కిలోమీటర్ల దారికి కథల దారి అనే పేరు పెట్టారు. నేనుండే కాసెల్ కూడా ఆ దారిలోదే.

ముందు ష్టైనావు వెళ్ళాను. వాళ్ళ నాన్న అక్కడ ప్రభుత్వ అధికారి. వాళ్ళున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 1796లో ఆయన పోయేసరికి పెద్దవాడు యాకోబ్‌కి పదకొండేళ్ళు. ఆయనతోపాటే ఆ సర్కారీ ఇల్లూ పోయింది. ఆరుగురు పిల్లలతో ఆ తల్లి ఇల్లు ఖాళీ చేసిందట. తాతయ్య పోయాక నువ్వు అమ్మని చంకనేసుకుని రైల్వే క్వార్టర్సు ఖాళీ చేసిన సంగతి గుర్తొచ్చి, మెట్ల మీద కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

హామెల్న్‌లో వీధుల్లో రాళ్ళ మీద ఎలుక బొమ్మలుంటాయి, వాటి వెంట నడిస్తే ఊరంతా చూడొచ్చు. ఆ ఊరి కథలో, ఎలుకల్ని తీసుకుపోయిన పిల్లనగ్రోవి వాడికి ఊరివాళ్ళు ఒప్పుకున్న డబ్బు ఎగ్గొట్టారు. వాడు 130 మంది పిల్లల్ని వెంటబెట్టుకుపోయాడు. 1284 జూన్ 26న అని తేదీతో సహా చెబుతారు. బతుకుతెరువు కోసం తూర్పు దేశాలకు వలసపోయిన పడుచువాళ్ళే ఆ పిల్లలని కొందరు పండితులు అంటారు. ఆ పిల్లలు నడిచిపోయారనే సన్నటి వీధి ఒకటుంది. అందులో ఇప్పటికీ పాటా మేళం ఉండకూడదు. పెళ్ళి ఊరేగింపైనా అక్కడికి రాగానే వాయిద్యం ఆపేయాలి. నేనూ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసేసి నడిచాను.

బ్రేమెన్‌లో గ్రిమ్ కథలోని జంతువుల కంచు విగ్రహం ఉంది, గాడిద మీద కుక్క, దాని మీద పిల్లి, పైన కోడిపుంజు. అందరూ పట్టుకుని మొక్కుకోబట్టి గాడిద ముందుకాళ్ళు బంగారంలా మెరుస్తున్నాయి. నేనూ రెండు చేతులా పట్టుకుని నీ మోకాళ్ళ గురించి మొక్కుకున్నాను.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఇది కాదు. మా కాసెల్ దగ్గరే డొరొతేయా ఫీమాన్ అని ఒకావిడ ఉండేది. వాళ్ళ నాన్నది దారి పక్క సత్రం. వచ్చేపోయే బండివాళ్ళ కబుర్ల మధ్య పెరిగింది. దర్జీని పెళ్ళి చేసుకుంది, ఊళ్ళోకి కూరగాయలు తెచ్చి అమ్మేది. గ్రిమ్ అన్నదమ్ములు మొదటి సంపుటం 1812లో వేశారు. ఆ తర్వాత ఈవిడ పరిచయమై నలభైకి పైగా కథలు చెప్పింది. ముందు ఒకసారి గడగడా చెప్పేసి, తర్వాత వాళ్ళు రాసుకోవడానికి వీలుగా నెమ్మదిగా మళ్ళీ చెప్పేదట. ఎన్నిసార్లు చెప్పినా కథ మార్చేది కాదు, ఎక్కడైనా తప్పు దొర్లితే వెంటనే తనే దిద్దుకునేది. 1815లో రెండో సంపుటానికి ముందుమాటలో వాళ్ళే ఇదంతా రాశారు. ఆ ఏడాదే ఆవిడ పోయింది. అంటే వాళ్ళు సమయానికి వెళ్ళి కూర్చున్నారు అమ్మమ్మా.

ఆవిడ బొమ్మ చూశాను. తలకు గుడ్డ కట్టుకుని, నేరుగా మనకేసే చూస్తుంటుంది. నువ్వు డాబా మీద మంచంలో కూర్చుని, మేము "ఊ" కొట్టడం ఆపితే చూసే చూపు అదే.

అందుకని ఒక మాట అడుగుతున్నాను, కాదనకు. రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఒక్క కథ చెప్పు. అమ్మ ఫోన్‌లో రికార్డ్ చేస్తుంది. గొంతు బాలేదని, మతిమరుపని వంక పెట్టొద్దు. నెమ్మదిగానే చెప్పు, ఇక్కడ నేను విని రాసుకుంటాను.

ముందు ఏడు చేపల కథ కావాలి. అందరూ అవ్వ బువ్వ పెట్టలేదనగానే పిల్లాడి దగ్గరకు వెళ్ళిపోతారు. నువ్వు మధ్యలో పొయ్యినీ అడిగేదానివి. "పొయ్యీ పొయ్యీ, ఎందుకు రాజలేదు?" అంటే పొయ్యి ఏం చెప్పేది? మూడు రోజుల నుంచి ఆలోచిస్తున్నాను, గుర్తు రావట్లేదు.

నీ మనవరాలు