కాంతి మందులకు చీకటి లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

కాంతి పడితే క్యాన్సర్ కణాలను చంపే లోహ సమ్మేళనాల గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. సంతోషం. అయితే కాంతి పడ్డప్పుడు ఎన్ని కణాలు చచ్చాయో రాస్తున్నారు గానీ, చీకట్లో ఎన్ని చచ్చాయో రాయడం లేదు. ఆ రెండో అంకె లేకుండా మొదటిదానికి విలువ లేదు.

ఈ చికిత్సకు మందు, దానికి సరిపడే రంగు కాంతి, ఆక్సిజన్ మూడూ ఒక్కచోట ఉండాలి. కాంతిని పీల్చుకున్న మందు ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు ఇస్తుంది. అప్పుడు పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్ (మామూలు దానికంటే చురుకైన ఆక్సిజన్) కణాన్ని దెబ్బతీస్తుంది. రుథేనియం, పల్లాడియం వంటి బరువైన లోహం ఉంటే మందు శక్తిని ఊరికే వదిలేయకుండా, ఆ శక్తి ఎక్కువసేపు నిలిచే ట్రిప్లెట్ స్థితిలోకి వెళ్తుంది, ఆక్సిజన్‌కు అందించడానికి వ్యవధి దొరుకుతుంది.

ల్యాబులో కణాలున్న నాలుగు ప్లేట్లు పెట్టాలి: మందూ కాంతీ లేనిది, మందు మాత్రమే, కాంతి మాత్రమే, రెండూ ఉన్నది. మూడోదాన్ని వదిలేస్తే దీపం వేడికి చచ్చిన కణాలను కూడా మందు ఖాతాలో వేసేస్తాం. రెండోదాన్ని రేకు చుట్టి ఉంచకపోతే గదిలోని ట్యూబులైటే మందును పనిచేయిస్తుంది. అప్పుడు మంచి మందు కూడా విషంలా కనిపిస్తుంది. సగం కణాలను చంపడానికి మందు గాఢత చీకట్లో 200 మైక్రోమోలార్, వెలుగులో 2 మైక్రోమోలార్ పట్టిందనుకోండి, తేడా 100 రెట్లు. వార్తలో ఉండాల్సిన అంకె అదే.

రోగి విషయంలో చీకటి లెక్క ఇంకా ముఖ్యం. బరువైన లోహం లేని పాత మందు పోర్ఫిమర్ సోడియంను కిలో బరువుకు 2 మిల్లీగ్రాములు రక్తనాళంలోకి ఎక్కించి, 40 నుంచి 50 గంటల తర్వాత 630 నానోమీటర్ల ఎర్ర లేజర్ వేస్తారు. మందు చర్మంలో ఉండిపోతుంది కాబట్టి కనీసం 30 రోజులు ఎండ తగలకూడదు. మామూలు సన్‌స్క్రీన్ ఆపేది అతినీలలోహిత కిరణాలనే. ఇక్కడ చర్మాన్ని కాల్చేది కంటికి కనిపించే వెలుగు, దానికి ఆ క్రీము పనికిరాదు. పత్తి ఏరడానికో కల్లంలో వడ్లు ఆరబెట్టడానికో వెళ్లే మనిషిని నెల రోజులు ఇంట్లో కూర్చోమనడం ఎంత కష్టమో మన జిల్లాల్లో ఎవరికి తెలియదు? అందుకే ఒంట్లో తక్కువసేపు నిలిచే మందులే మనకు మేలని మా అభిప్రాయం. 2017లో యూరప్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అనుమతి పొందిన పల్లాడియం మందు పాడెలిపోర్ఫిన్‌కు ఈ జాగ్రత్త రెండు రోజులతో సరి. ట్రయల్స్‌లో ఉన్న రుథేనియం మందు టీఎల్‌డీ–1433ను మూత్రాశయంలోకే పోసి, సుమారు గంట ఉంచి, కడిగేసి ఆకుపచ్చ కాంతి వేస్తారు. ఆ కాంతి లోతుకు పోదు, కాబట్టి పైపొరకు పని జరుగుతుంది, కింది కండరం బతుకుతుంది.

దీపం విషయంలో తొందర పనికిరాదు. చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్ల చొప్పున 1000 సెకన్లు వేస్తే 100 జౌళ్లు అందుతాయి. దీపం పవరు రెట్టింపు చేసి సమయం సగానికి తగ్గించినా లెక్కకు అవే 100 జౌళ్లు. కానీ రక్తం ఆక్సిజన్ తెచ్చేలోపే ఉన్నదంతా ఖర్చయిపోతుంది, ఆపై పడిన కాంతి చాలావరకు వృథా. కణితి మధ్యలో ఆక్సిజన్ ముందే తక్కువ, అక్కడే క్యాన్సర్ మిగిలిపోతుంది.

కాంతితో వైరస్‌లను చంపే సంగతి వేరు. ఇక్కడ నిలదొక్కుకున్నది లోహం కాదు, మిథిలీన్ బ్లూ అనే రంగు. రక్తం నుంచి వేరుచేసిన ప్లాస్మా సంచిలో లీటరుకు సుమారు 1 మైక్రోమోల్ కలిపి, దృశ్యకాంతి వేసి, తర్వాత ఆ రంగును వడపోస్తారు. కొవ్వుపొర ఉన్న వైరస్‌లు బాగా నశిస్తాయి, పొర లేనివి చాలావరకు తట్టుకుంటాయి. కణాల లోపల దాగినవాటికి ఇది చేరదు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్, ఫ్యాక్టర్ 8 అనే ప్రొటీన్లు కొంత తగ్గుతాయి కూడా. ప్లాస్మా తేటగా ఉంటుంది కాబట్టే కాంతి లోపలికి పోతుంది. ఎర్రకణాలున్న రక్తంలో ఆ వెలుగును హిమోగ్లోబిన్ మింగేస్తుంది. కాబట్టి చర్మం మీద లైటు పెట్టి ఒంట్లోని వైరస్‌ను పోగొడతామని ఎవరైనా ప్రకటన తెస్తే, దయచేసి దాన్ని వైద్య వార్తగా అచ్చు వేయకండి.

ఇట్లు,
కొందరు రసాయనశాస్త్ర అధ్యాపకులు,
హన్మకొండ