కొనడమా, దత్తతా? ముందు తల్లి కుక్కను చూపించమనండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు మొదలయ్యాయంటే ఇళ్లలో పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తారు. పెద్దలు ఫోన్లో ఫొటోలు చూసి, వాట్సాప్‌లో బేరమాడి, ప్రైవేటు బస్సులో అట్టపెట్టెలో వచ్చిన పిల్లను తెల్లారుజామున దించుకుంటారు. వారం తిరిగేసరికి అది రక్త విరేచనాలతో పశువుల ఆసుపత్రి బల్ల మీద ఉంటుంది. ‘కొనొద్దు, దత్తత తీసుకోండి’ అని కొందరు, ‘జాతి కుక్కయితేనే భరోసా’ అని కొందరు ఏళ్లుగా వాదించుకుంటున్నారు. పశువైద్యులుగా మేం చూసినంతలో కుటుంబాలు నష్టపోయేది కుక్కల్ని ఈనించి అమ్మే అసలు బ్రీడర్ దగ్గరా కాదు, దత్తతకిచ్చే జంతు ఆశ్రమాల దగ్గరా కాదు. నడుమ ఉన్న దళారి దగ్గర. తాను అమ్మే పిల్ల తల్లి ఏ ఊళ్లో ఉందో అతనికే తెలియదు.

కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లోనే నిబంధనలు తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు 18 నెలలు నిండాకే జత కట్టించాలి, ఏడాదికి ఒక్క ఈతే, జన్మలో 5 ఈతలు దాటకూడదు. అమ్మేముందు పిల్లకు మైక్రోచిప్ (చర్మం కింద అమర్చే గుర్తింపు చిప్) వేయించాలి. వీటిలో కొనేవాడు అక్కడికక్కడే తేల్చుకోగలిగింది వయసు. పిల్ల పై పెదవి ఎత్తి చూడండి. 8 వారాలకు పాలపళ్లు మొత్తం 28 వచ్చేస్తాయి. ముందు పళ్లు, కోరలు ఉండి, వెనక దవడ పళ్లు ఇంకా చిగురు చీల్చుకొస్తుంటే అది ‘రెండు నెలల పిల్ల’ కాదు, ముప్ఫై అయిదు, నలభై రోజులది. మరీ చిన్న జాతుల్లో కాస్త ఆలస్యం కావచ్చు, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో ఈ లెక్క దాదాపు తప్పదు.

నెలకే ఎందుకు అమ్ముతారంటే, అప్పటిదాకా తల్లిపాలతో ఖర్చు లేకుండా గడుస్తుంది. ఆ తర్వాత తిండి, నులిపురుగుల మందు, టీకా అన్నీ చేతి ఖర్చే. పైగా గుప్పిట్లో ఇమిడే పిల్లకు గిరాకీ ఎక్కువ. కానీ నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడతాయి. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది. పంటి బిగువు ఎంతలో ఆపాలో కుక్క నేర్చుకునేది అక్కడే. ఆ చదువు మధ్యలో ఆగిన పిల్ల మీ ఇంట్లో పసివాడి చేతి మీద నేర్చుకోవాల్సి వస్తుంది.

ఇక టీకా పుస్తకం. ‘రెండు టీకాలు అయిపోయాయండీ’ అన్న మాట వినగానే చాలామంది నిశ్చింతగా ఉంటారు. ముప్ఫయ్యో రోజున వేసిన టీకా ఉన్నా లేనట్టే. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (రోగాన్ని అడ్డుకునే ప్రొటీన్లు) ఆ వయసులో టీకాను పని చేయనివ్వవు. అవి ఎప్పుడు తగ్గుతాయో పిల్లకో తీరు కాబట్టే 6-8 వారాలకు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో వేస్తూ, చివరి డోసు 16 వారాలు నిండాక పడేలా చూస్తాం. పుస్తకంలో సీసా మీద నుంచి ఒలిచి అంటించిన స్టిక్కర్, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, డాక్టరు సంతకంతో పాటు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెన్నుతో టిక్కులు పెట్టిన పుస్తకం లెక్కలోకి రాదు. టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి; చొక్కా జేబులో వేసుకొచ్చి పొడిచిన టీకా నీళ్లతో సమానం.

ఇంత పట్టింపు పార్వో వల్ల. ఆ వైరస్ ఒంట్లోకి చేరాక సాధారణంగా 3 నుంచి 7 రోజులకు గానీ బయటపడదు. అందుకే కొన్న రోజు గెంతులేసిన పిల్ల అయిదో రోజు వాంతులు, కంపు కొట్టే రక్త విరేచనాలతో కూలబడుతుంది. అమ్మినవాడు ‘మా దగ్గర బాగానే ఉంది, మీరే తిండి మార్చారు’ అంటాడు. ఒక పిల్ల అలా పోయిన ఇంటికి, పిల్లలు ఏడుస్తున్నారని వెంటనే ఇంకో పిల్లను తేవడం మేం తరచూ చూసే రెండో పొరపాటు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కు చావదు. ముందు నేలను శుభ్రంగా కడిగి, కరోనా రోజుల్లో వీధుల్లో చల్లిన హైపోక్లోరైట్‌నే 5 శాతం ద్రావణంగా తెచ్చి, ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచితే చస్తుంది. మట్టి నేల ఉన్న పెరడుకు అదీ పనికిరాదు. అక్కడికి తెచ్చేది టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కే అయి ఉండాలి.

మంచి బ్రీడర్‌ను గుర్తుపట్టడం అంత కష్టమేమీ కాదు. తల్లిని, అది ఈనిన చోటును చూపిస్తాడు. తల్లి కొత్తవాళ్లను చూసి వణికినా, మీద పడినా పిల్లల్లోనూ ఆ గుణం ఉంటుందనుకోవాలి. చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రాలు మూడు తరాల వంశం చెబుతాయి, ఆరోగ్యం చెప్పవు. పత్రంలోని 15 అంకెల చిప్ నంబరు, స్కానర్‌లో కనిపించే నంబరు ఒకటేనా అని స్కానర్ ఉన్న ఏ పశువైద్యుడి దగ్గరైనా సరిచూసుకోవచ్చు. ‘పేపర్లతో అయితే ఇంత, లేకుండా అయితే ఇంత’ అని రెండు ధరలు చెప్పాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ అయితే తల్లిదండ్రులకు రెండేళ్లు దాటాక తీసిన తుంటి ఎక్స్‌రే అడగండి. పగ్ అయితే తల్లిని అయిదు నిమిషాలు నడిపించి చెవి ఒగ్గి వినండి. ముక్కు రంధ్రాలు సన్నని గీతల్లా ఉండి, కూర్చున్నచోట కూడా గురక పెడుతుంటే దాని పిల్ల రామగుండం, రెంటచింతల ఎండలకు తట్టుకుంటుందని ఆశపడొద్దు. మంచు ప్రాంతాల జాతి హస్కీ సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజంతా ఏసీ వేసి దాన్ని బతికించడం పెంపకమనిపించుకోదు.

దత్తత వైపు కూడా కళ్లు తెరిచే వెళ్లాలి. హైదరాబాద్‌లో 1992 నుంచి బ్లూ క్రాస్ ఉంది, విశాఖలోనూ జంతు సంరక్షణ సంస్థలున్నాయి, ఇళ్లలోనే తాత్కాలికంగా ఉంచుకుని సాకే వలంటీర్లు చాలా పట్టణాల్లో కనిపిస్తారు. జీహెచ్‌ఎంసీ కూడా 2025 ఆగస్టులో దేశీ పిల్లల దత్తత కార్యక్రమం పెట్టింది. అదే నెల 22న సుప్రీంకోర్టు, దత్తత తీసుకున్న వీధి కుక్క మళ్లీ వీధిలో కనిపించకుండా చూడాల్సిన బాధ్యత తీసుకున్నవారిదేనని చెప్పింది. అంటే ఇది సరదాగా తెచ్చి చూసే బేరం కాదు. వాళ్లను అడగాల్సినవి: కుక్క ఎప్పుడు వచ్చింది, వచ్చాక 14 రోజులు విడిగా ఉంచారా, ఎవరినైనా కరిచిందా, ఎవరో వదిలేసి ఉంటే కారణమేంటి. చెవి కొసన గంటు ఉందంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, అప్పట్లో రేబిస్ టీకా అయ్యాయని గుర్తు. ఆ టీకా ఏటా మళ్లీ వేయించాల్సిందే. పెద్ద కుక్కకు తప్పనిసరిగా రక్త పరీక్ష చేయించండి. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు చాలా ఎక్కువ. చిగుళ్లు పాలిపోయి, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే ఎర్లీషియా ఉందేమో చూడాలి. దానికి డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాలి. పదో రోజుకు లేచి తిరుగుతోందని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

గుణం తెలుసుకోవడానికి రెండుసార్లు వెళ్లండి, ఒకసారి పొద్దున ఆకలి మీద, ఇంకోసారి సాయంత్రం. తింటున్నప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టొద్దు. పక్కన నిలబడి ఉడికిన కోడిముక్క ఒకటి గిన్నె దగ్గరికి విసరండి. బిగుసుకుపోయి తిండి మీదికి ఒరిగిందా, తలెత్తి తోక ఊపిందా గమనించండి. పదడుగుల దూరంలో స్టీలు పళ్లెం కింద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు; అర నిమిషంలో తేరుకుని వాసన చూడ్డానికి వచ్చిందంటే, గోలగోలగా ఉండే ఇంట్లో ఇమడగలదు. పాదాలు, చెవులు, తోక తాకనిస్తోందా చూడండి. ఈ పరీక్షలన్నీ పెద్దలు చేయాల్సినవి, పిల్లల చేత చేయించకండి.

మా సలహా అడిగితే, అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి కుక్కపిల్ల కన్నా రెండేళ్లు దాటిన, గుణం తెలిసిన దత్తత కుక్కే నయం. ఎంత ఎదుగుతుందో, ఎలా మసలుతుందో కళ్లెదుటే ఉంటుంది. దేశీ కుక్కది పొట్టి వెంట్రుక, మన ఎండకు తగిన ఒళ్లు. కాకపోతే కాపలా బుద్ధి ఎక్కువ, లిఫ్ట్ చప్పుడైనా మొరుగుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉదయం, సాయంత్రం చెరో అరగంట నడిపించేవాళ్లు లేకపోతే ఇరుగుపొరుగుతో పేచీ తప్పదు. ఫలానా జాతే కావాలి, ఏడాది పాటు శిక్షణకు తీరిక ఉంది అనుకునేవాళ్లు మంచి బ్రీడర్ దగ్గరికే వెళ్లొచ్చు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఎక్కడికి వెళ్లినా ఒక్క ప్రశ్న మాత్రం మానొద్దు: ‘ఏ కారణం చేతైనా మాకు కుదరకపోతే మీరు వెనక్కి తీసుకుంటారా?’ మంచి బ్రీడరూ, మంచి ఆశ్రమమూ ఆ మాట కాగితం మీద రాసిస్తారు. దళారి ఫోన్ నంబరు మార్చేస్తాడు.

ఎక్కడి నుంచి తెచ్చిన పిల్లకైనా మొదటి రేబిస్ టీకా మూడు నెలలకు వేస్తారు. అప్పటిదాకా పాలపళ్ల గాటేగా, గోటి గీరేగా అని ఎవరూ తీసిపారేయకూడదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. అక్కడ చర్మంలోకి వేసే టీకాను మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే యాంటీబాడీల మందు) కూడా వేయాలని గుర్తుచేయండి. టీకా భుజానికే వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచే రోజులు ఎప్పుడో పోయాయి.

ఇట్లు,
ఇద్దరు పశువైద్యులు,
హనుమకొండ