గాలివానల ఏడాది: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 జులై నుంచి 2025 జూన్ వరకు మెల్‌బోర్న్‌లోని మన తెలుగు సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ఏటా ఈ నివేదిక వినాయక చవితితో మొదలై ఉగాదితో ముగుస్తుంది. ఈసారి అలా రాయడానికి మనసొప్పలేదు. ఈ ఏడాది పండగల కన్నా గాలివానల పనే కార్యవర్గానికి ఎక్కువైంది. నా ఉద్దేశంలో సంఘం ఉన్నందుకు అసలు ప్రయోజనం కూడా అక్కడే కనిపించింది. అందుకే ముందు ఆ విషయాలే చెబుతాను. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా పంపాం.

సెప్టెంబరు 1, 2 తేదీలు

ఆస్ట్రేలియాలో రికార్డులు మొదలైనప్పటి నుంచి అత్యంత వెచ్చని ఆగస్టు 2024లోనే వచ్చింది. ఆ నెలాఖరు నుంచే పడమటి గాలులు విక్టోరియాని, టాస్మేనియాని వదలకుండా కొట్టాయి. సెప్టెంబరు 1 ఆదివారం రాత్రి నుంచి సోమవారం తెల్లవారేదాకా అవి మరీ ఉధృతమయ్యాయి. విల్సన్స్ ప్రామంటరీ దగ్గర గాలి వేగం గంటకు 140 కి.మీ. దాటింది. విక్టోరియాలో లక్షన్నరకు పైగా ఇళ్లకు, షాపులకు కరెంటు పోయింది. మర్రే నది ఒడ్డున మోయామాలో సెలవులకు వచ్చినవాళ్లు దిగే క్యాబిన్ మీద చెట్టు కూలి ఒక మహిళ చనిపోయారు.

మనలో ఎక్కువమంది ఉండే మెల్‌బోర్న్ పడమటి శివార్లు టార్నీట్, ట్రుగనీనా, వింధమ్ వేల్ వైపు పెద్ద చెట్లు తక్కువ. చెట్లు కూలే భయం లేదు గానీ, గాలికి అడ్డూ లేదు. ఇళ్లు కడుతున్న ఎస్టేట్లలో పునాదుల కింద వేసే తెల్లటి థర్మాకోల్ దిమ్మలు లేచి రోడ్ల మీద దొర్లుకుంటూ పోయాయి. కప్పు వెయ్యని చెక్క ఫ్రేములు కొన్ని ఒరిగాయి. రేకు కంచెలు పడిపోయాయి. ఒకరింటి ట్రాంపొలిన్ కంచె దాటి వెనకింటి వాళ్ల వంటగది కిటికీ దగ్గర తేలింది. ఆ సమయంలో కిటికీ దగ్గర ఎవరూ లేకపోవడం అదృష్టం.

అదే ఆదివారం విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. మన సభ్యుల్లో ఆ రెండు ఊళ్లవాళ్లు చాలామందే ఉన్నారు. ఇక్కడ కరెంటు లేదు, దాంతోపాటే వైఫై పోయింది, ఫోన్లో చార్జింగ్ అయిపోతోంది. అక్కడ అమ్మానాన్న మేడ మీద నీళ్ల మధ్య ఉన్నారు. ఒక సభ్యురాలు డ్రైవ్‌వేలో కారు ఆన్ చేసుకుని, ఫోను చార్జింగుకి పెట్టి, రాత్రంతా అక్కడే కూర్చున్నారు. కారు ఊగిపోతోందట. తల్లి మాత్రం అవతలి నుంచి "నువ్వు లోపలికి పో అమ్మా, మాకేం కాదు" అంటూనే ఉన్నారట.

సోమవారం పొద్దున మన పని మొదలైంది ఆమె పెట్టిన వాట్సాప్ మెసేజ్‌తోనే. కరెంటు ఉన్న ఇళ్లవాళ్లు తలుపులు తెరిచి పెట్టారు. ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడానికి, పిల్లల పాలు, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో దాచుకోవడానికి, వేడిగా ఒక ముద్ద తినడానికి జనం వచ్చి వెళ్లారు. ఆ వారంలోనే ఆంధ్ర, తెలంగాణ వరద బాధితుల కోసం విరాళాలు కూడా సేకరించి రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రుల సహాయ నిధులకు పంపాం. ఇచ్చినవాళ్లలో కొందరికి ఇక్కడ తమ కంచె ఇంకా లేవనే లేదు. వాళ్లకు ప్రత్యేకంగా దండం పెడుతున్నాను.

గరాజ్ తలుపు, ఎర్ర తాడు

ఆ వారంలో ఇంటింటికీ ఫోన్లు చేసినప్పుడు తెలిసిందేమిటంటే, ఎక్కువ ఇబ్బంది పడ్డవాళ్లు మూడు రకాలు: కొత్తగా వచ్చిన విద్యార్థులు, రాత్రిపూట డెలివరీ, ట్యాక్సీ పనులు చేసేవాళ్లు, పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు. ఇండియాలో కరెంటు పోవడం వీళ్లకు కొత్త కాదు. కానీ అక్కడ ఇన్వర్టర్ ఉంటుంది, గ్యాస్ పొయ్యి ఉంటుంది, పక్కింటివాళ్లు పలకరిస్తారు. ఇక్కడి కొత్త ఇళ్లు చాలావాటిలో పొయ్యి, హీటర్, గరాజ్ తలుపు అన్నీ కరెంటు మీదే.

ఒక ఇంట్లో కొడుకు నైట్ డ్యూటీలో ఉన్నాడు, కోడలు ప్రసవానికి ఆసుపత్రిలో ఉంది. అత్తమామలిద్దరే ఇంట్లో ఉన్నారు. తెలిసినాయన వచ్చి కారు తీద్దామంటే గరాజ్ తలుపు లేవదు. మోటారు పట్టా నుంచి వేలాడే ఎర్ర తాడు లాగితే తలుపు చేత్తో లేస్తుందని ముగ్గురిలో ఎవరికీ తెలియదు. చీకట్లో టార్చి పట్టుకుని వీడియో కాల్‌లో చూపిస్తే పదినిమిషాల్లో పనైపోయింది. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

అందుకని తెలుగులో ఒక పేజీ తయారు చేశాం, పెద్ద అక్షరాల్లో, ఫ్రిజ్ మీద అంటించుకునేలా. ప్రాణాపాయం ఉంటే ట్రిపుల్ జీరో (000). కప్పు ఎగిరినా, చెట్టు పడినా ఎస్‌ఈఎస్ (స్టేట్ ఎమర్జెన్సీ సర్వీస్) 132 500. ఇంగ్లీషు రాకపోతే 131 450కి ఫోన్ చేసి "తెలుగు" అంటే దుబాసీని కలుపుతారు. తెగిపడ్డ కరెంటు తీగకి కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. ఎర్ర తాడు బొమ్మ కూడా వేశాం.

ఇక్కడి వసంతం, అక్కడి తుపాను

"చలికాలం వెళ్లింది కదా, ఇక హాయి" అని చాలామంది అనుకుంటారు. మనకు పుట్టినప్పటి నుంచి అలవాటైన వసంతం కోకిలదీ మామిడి పూతదీ కాబట్టి అలా అనిపించడం సహజం. ఆస్ట్రేలియా దక్షిణ భాగంలో మాత్రం సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఉండే వసంతం గాలుల రుతువు. ఎడారి నుంచి వచ్చే ఉత్తరపు వేడిగాలి ఒకవైపు, దక్షిణ సముద్రం నుంచి తోసుకొచ్చే చల్లగాలి మరోవైపు. ఆ రెండింటి మధ్య తేడా ఈ నెలల్లో బాగా పెరుగుతుంది. పైగా చలికాలం వానలకు నేల నాని ఉంటుంది కాబట్టి చెట్ల వేళ్లు పట్టు తప్పుతాయి.

విశాఖ సభ్యులకు 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ గుర్తుంటుంది. అది సముద్రంలో ఉండగానే రోజుల ముందే పేరు పెట్టి, ఎక్కడ తీరం దాటుతుందో చెప్పి, ఓడరేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేశారు. ఇక్కడి గాలికి పేరుండదు. గాలి 90 కి.మీ. దాటుతుందనుకుంటే వాతావరణ శాఖ హెచ్చరిక ఇస్తుంది. అదే ఉరుముల గాలివానైతే హెచ్చరికకూ గాలికీ మధ్య అరగంట కూడా ఉండకపోవచ్చు. విక్టోరియా ప్రభుత్వ హెచ్చరికలు వచ్చే విక్ ఎమర్జెన్సీ యాప్ ఫోన్లో ఉండి తీరాలని పదేపదే పోరుతున్నది అందుకే.

ఒక్కో ప్రాంతానిది ఒక్కో తీరు. క్వీన్స్‌లాండ్‌లో వడగళ్లు ఎక్కువ. 2020 అక్టోబరు 31న బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రాంతంలో 14 సెం.మీ. వడగళ్లు పడి ఇళ్ల కప్పులకు బొక్కలు పడ్డాయి. సౌత్ ఆస్ట్రేలియాలో 2016 సెప్టెంబరు 28న సుడిగాలులకు హైటెన్షన్ టవర్లు కూలి రాష్ట్రమంతా ఒక్కసారిగా చీకటైంది. ఈ ఏడాది మన నివేదిక కాలంలోనే, 2024 అక్టోబరు 17న, బ్రోకెన్ హిల్ దగ్గర గాలివానకు ఏడు టవర్లు పడిపోయాయి. న్యూ సౌత్ వేల్స్‌లోనే ఉన్నా గడియారం మాత్రం సౌత్ ఆస్ట్రేలియాది పెట్టుకునే ఊరది. ఎటు చూసినా వందల కిలోమీటర్ల ఎర్రమట్టి. బ్యాకప్ జనరేటర్లు రెండుంటే ఒకటి రిపేరులో ఉంది. రెండు వారాల దాకా కరెంటు వస్తూ పోతూనే ఉంది, గనులు ఆగాయి. మన సభ్యుల బంధువుల కుటుంబం ఒకటి అక్కడ ఆసుపత్రి ఉద్యోగంలో ఉంది. వాళ్లకు బ్యాటరీ లైట్లు, పవర్ బ్యాంకులు, పచ్చళ్లు, పొడులు పంపాం. చుట్టుపక్కల వాళ్లతో పంచుకున్నామని రాశారు.

ఉరుముల ఆస్తమా

ఇది అందరూ నెమ్మదిగా చదవాలని నా విన్నపం.

2016 నవంబరు 21 సాయంత్రం మెల్‌బోర్న్ మీదికి ఉరుములతో గాలి వచ్చింది. వాన పెద్దగా లేదు. కానీ వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు, అంబులెన్సులు చాలలేదు, పదిమంది చనిపోయారు. కారణం రై గడ్డి పుప్పొడి. మన పడమటి, ఉత్తరపు మైదానాల్లో ఆ గడ్డి విపరీతం. తేమ తగిలి పుప్పొడి రేణువులు పగిలి మరీ సన్నటి తునకలవుతాయి, గాలివాన ముందు వచ్చే ఈదురుగాలి వాటిని నేల మట్టానికి తోస్తుంది, అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంతకుముందు ఆస్తమా లేనివాళ్లు, కేవలం హే ఫీవర్‌తో, అంటే పుప్పొడి పడక, తుమ్మేవాళ్లు కూడా ఆ రోజు పడిపోయారు. తర్వాత జరిగిన పరిశోధనల్లో భారత, శ్రీలంక, ఆగ్నేయాసియా మూలాలవాళ్లు జనాభాలో తమ వాటాకు మించి దెబ్బతిన్నారని తేలింది. అంటే మనమే.

ఇక్కడికొచ్చిన కొన్నేళ్లకు హే ఫీవర్ మొదలవడం మన ఇళ్లలో మామూలైపోయింది. అయినా "ఆస్తమా" అన్న మాట బయటికి రానివ్వం. పెళ్లి కావలసిన పిల్లలుంటే అసలే రానివ్వం. పఫర్ (ఇన్‌హేలర్) పర్సులో దాచుకుని బాత్రూంలో వాడేవాళ్లు నాకు తెలుసు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నీలం రంగు పఫర్ ఫార్మసీలో చీటీ లేకుండానే ఇస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రోజూ ఆ ప్రమాదం ఎంతో యాప్‌లో చూపిస్తారు. ఎరుపు ఉన్న రోజున గాలివాన వచ్చేలోపే ఇంట్లోకి వెళ్లి తలుపులు, కిటికీలు వేసుకోవాలి.

దీపావళి కార్యక్రమంలో ఈసారి హాలు గుమ్మం దగ్గరే ఒక బల్ల వేశాం. మన సభ్యురాలైన డాక్టరుగారు పఫర్, దానికి తగిలించే గొట్టం (స్పేసర్) పట్టుకుని అక్కడే నిలబడ్డారు. నాలుగు పఫ్‌లు, ఒక్కో పఫ్‌కి నాలుగు శ్వాసలు, నాలుగు నిమిషాలు ఆగడం, తగ్గకపోతే ట్రిపుల్ జీరోకి ఫోన్ చేసి మళ్లీ నాలుగు. పట్టుచీరల్లో ఉన్న అమ్మమ్మలు "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెడుతూ మనవల ముందు నేర్చుకున్నారు. ఆ రోజు స్టేజి మీద జరిగిన ఏ కార్యక్రమం కన్నా అదే మంచి పని అని నేననుకుంటాను.

కంచెలు, అద్దెలు, ఇన్సూరెన్సు

అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ వచ్చాయి కాబట్టి జవాబులు ఇక్కడే ఇస్తున్నాను. విక్టోరియాలో ఇద్దరి మధ్య కంచె ఖర్చు సాధారణంగా చెరిసగం. ముందు పొరుగువాళ్లతో మాట్లాడండి, నోటీసు తర్వాత సంగతి. ఇన్సూరెన్సుకి పెట్టేముందు ఫొటోలు తీయండి, విరిగిన సామాను పారేయకండి. క్లెయిమ్ తోసిపుచ్చితే, కంపెనీకి రాసిన ఫిర్యాదుతోనూ తేలకపోతే, ఆఫ్కా అనే ఫిర్యాదుల సంస్థ ఉచితంగా విచారిస్తుంది: 1800 931 678. ఒక సభ్యుడి క్లెయిమ్‌ని "పాతబడ్డ కప్పు" అని కొట్టేస్తే, అంతకుముందు ఏడాది కప్పు బాగు చేయించిన బిల్లు చూపించి గెలిచారు. బిల్లులు దాచుకోండి.

అద్దె ఇంట్లో కప్పు కారడం లాంటివి అత్యవసర రిపేర్లు. యజమాని వెంటనే స్పందించకపోతే 2,500 డాలర్ల దాకా మీరే చేయించి వసూలు చేసుకునే హక్కు ఉంది. విద్యార్థులు భయపడి బకెట్లు పెట్టుకుని కూర్చోవద్దు. గాలివాన మర్నాడు తలుపు కొట్టి, అడ్వాన్సు ఇస్తే కప్పు బాగు చేస్తామనేవాళ్లకు డబ్బులివ్వకండి.

మిగిలిన కార్యక్రమాలు

వినాయక చవితి సెప్టెంబరు 7న పడింది. గాలి ఇంకా పూర్తిగా తగ్గలేదు కాబట్టి షామియానా వద్దనుకుని హాల్లోకి మార్చాం. స్థలం ఇరుకైనా సహకరించారు. బతుకమ్మ, దసరా, సంక్రాంతి ముగ్గులు, మార్చి 30న ఉగాది కవి సమ్మేళనం బాగా జరిగాయి. తెలుగు బడిలో పిల్లలు పెరిగారు, పంతుళ్లు చాలడం లేదు.

వచ్చే వసంతానికి

సర్వసభ్య సమావేశం ముందు కార్యవర్గం మూడు ప్రతిపాదనలు పెడుతోంది. ఒంటరిగా ఉండే పెద్దలకు, కొత్త విద్యార్థులకు గాలి హెచ్చరిక వచ్చిన సాయంత్రమే ఫోన్ చేసే జాబితాని ఆగస్టులోగా పూర్తి చేయాలి. పేరు ఇవ్వడం మీ ఇష్టం, ఇచ్చిన వివరాలు కార్యవర్గం దాటి పోవు. పండగ బడ్జెట్‌లో కొంత భాగం పఫర్లు, స్పేసర్లు, పవర్ బ్యాంకుల కోసం విడిగా ఉంచాలి. 2025లో చవితి ఆగస్టు 27నే వస్తోంది, బయట పందిరి వేయకూడదని తీర్మానం చేయాలి.

ఎస్‌ఈఎస్‌లో నారింజ రంగు డ్రెస్సు వేసుకుని అర్ధరాత్రి మన కప్పుల మీద టార్పాలిన్ కప్పేవాళ్లు దాదాపు అందరూ జీతం లేని వలంటీర్లే. ఈ ఏడాది మన సంఘం నుంచి కొందరు యువతీయువకులు అందులో చేరి శిక్షణ పొందుతున్నారు. ఇంకా ఎవరైనా చేరాలనుకుంటే సమావేశంలో వాళ్లనే అడగండి, వాళ్ల యూనిట్‌కి తీసుకెళ్లి చూపిస్తామన్నారు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి