ఆయిల్ కూలర్ పెట్టించే ముందు ఆయిల్ వేడి కొలిపించుకోండి

ఎడిటర్ గారికి నమస్తే,

మీ పేపర్ల ఆదివారం వచ్చే బండ్ల పేజీ నేను ఏండ్ల సంది చదువుతున్న. పోయిన వారం ఎండాకాలంలో కారు జాగ్రత్తలు అని రాసిన్రు, కూలెంట్, టైర్ల గాలి, ఏసీ గ్యాస్ అన్నీ ఉన్నయి గానీ ఇంజన్ ఆయిల్ ఎంత వేడెక్కుతది అన్న ముచ్చట ఒక్క లైన్ గూడ లేదు. అదే పేజీల కింద మాత్రం బంపర్ సందులకెళ్లి మెరుస్తున్న ఆయిల్ కూలర్ (ఇంజన్ ఆయిల్‌ను చల్లబరిచే చిన్న రేడియేటర్ అసొంటిది) ఫోటో వేసిన్రు. అది చూసి మా నల్లగొండ, పాలమూరు దిక్కు పిల్లలు తెల్లారే గ్యారేజీలకు పోతరు, నాకు బాగ తెలుసు, అందుకే ఈ ఉత్తరం.

నాది 2002 హోండా సిటీ వీటెక్, 1.5 లీటర్ల ఇంజన్, పాతదే అయినా నాకు ప్రాణం. దానికి ఆయిల్ కూలర్, రిమోట్ ఆయిల్ ఫిల్టర్ (ఫిల్టర్‌ను ఇంజన్ కాడినుంచి తీసి పైపులతోని వేరే జాగల పెట్టుడు) రెండూ పెట్టించిన. ఎందుకంటే మద్రాస్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీస్కపోయినప్పుడు నాలుగైదు రౌండ్లకే ఆయిల్ వేడి మీటర్ 130 డిగ్రీలు దాటింది, మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి పడుతున్నది. డ్యాష్‌బోర్డ్ మీద ఉండే టెంపరేచర్ ముల్లు మాత్రం ఎప్పటిలెక్క సగంలనే నిలబడ్డది, ఎందుకంటే అది చూపించేది కూలెంట్ వేడి, ఆయిల్‌ది కాదు. ఇది చాలామందికి తెల్వదు. ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే ఇంజన్‌కు మంచిది, 130 దాటి గంటల తరబడి నడిస్తే పల్చబడి బేరింగుల మధ్య పొర నిలవదు, ఆయిల్ గూడ తొందరగ పాడైతది.

అట్లని అందరికీ కూలర్ కావాలె అంటలేను. కూలర్ పెట్టకముందు అదే బండి మే నెల ఎండల్లో నల్లగొండ నుంచి సూర్యాపేట దాకా మామూలు స్పీడ్‌ల పోతే ఆయిల్ 100 దగ్గరనే ఆగింది. అంటే రోజూ ఆఫీసుకు, పెండ్లిళ్లకు తిరిగే బండికి ఆ ఖర్చు దండుగ. ముందు ఒక ఆయిల్ టెంపరేచర్ మీటర్ పెట్టించుకోని నెల రోజులు చూడాలె, 120 పైన పదే పదే కనిపిస్తేనే మిగతా సంగతి.

ఇగ కూలర్ పెట్టించుకున్నోళ్ల కష్టం చెప్త. మా పెద్దనాయన కొడుకు జడ్చర్లల ఉంటడు, టర్బో కారు, రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌ల సెట్టింగులు మార్చి పవర్ పెంచుడు) చేయించిండు, పట్నంల ఒక గ్యారేజీల కూలర్ వేయించుకున్నడు. ఆ మెకానిక్ వేసింది రేడియేటర్‌కు వాడే రబ్బర్ పైపు, చివరలకు స్క్రూ క్లిప్పులు. ఆ రబ్బర్ కూలెంట్‌కు తట్టుకుంటది గానీ వేడి ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడుతది. మూడు నెలలు బాగనే నడిచింది. కల్వకుర్తి మీదుగ శ్రీశైలం పోతుంటే మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి ఘాట్ ఎక్కుతున్నప్పుడు పైపు ఊడింది, ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది, పక్కకు ఆపేందుకు జాగ దొరకాలె గదా అని ఇంకో మలుపు దాటించిండు, అంతే, ఇంజన్ పట్టేసింది. ఆయిల్ ప్రెషర్ పోయినంక ఇంజన్‌కు దొరికే టైం నిమిషాల్లో ఉండదు, సెకన్లే. వదినె, చిన్న పిల్ల బండిలనే ఉన్నరు, ఆ అడవిల సిగ్నల్ లేక రెండు గంటలు కూసున్నరు. అది తల్సుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ పుడుతది.

అది అక్కడితో అయిపోలే. ఇంజన్ విప్పి క్రాంక్, బేరింగులు కొత్తయి వేసిన్రు, కూలర్ మాత్రం మంచిగనే ఉంది గదా అని కడిగి పాతదే పెట్టిన్రు. పగిలిన బేరింగుల పొడి ఆ కూలర్ లోపలి సన్న దారుల్లో ఇరుక్కోని ఉంటది, ఎంత కడిగినా పూర్తిగ రాదు. కొద్ది రోజులకే కొత్త బేరింగులు గూడ పోయినయి. ఇంజన్ ఒక్కసారి ఖరాబైతే కూలర్ పారేయాల్సిందే, పైపులు గూడ, ఇండ్ల లోభం చేయొద్దు.

నా బండికి పైపుల కోసం నేను మిర్యాలగూడల హైడ్రాలిక్ పైపులు చేసే షాపుకు పోయిన, హార్వెస్టర్లు, జేసీబీలు, బోరు బండ్లకు పైపులు కొట్టిచ్చే జాగ అది. ఆ పెద్దాయన పైపు చేతికిచ్చి "బిడ్డా, దీని మీద ప్రెషర్ రాసింది చూసి మురవకు, వేడి ఎంత తట్టుకుంటదో అడుగు" అన్నడు. నిజమే, ఇంజన్ ఆయిల్ ప్రెషర్ నాలుగైదు బార్లే, హైడ్రాలిక్ పైపు వందల బార్లు ఆపుతది, కానీ మామూలు హైడ్రాలిక్ పైపులు 100 డిగ్రీల దాకానే అని రాసుంటది, మన ఆయిల్ దానికంటె ఎక్కువ పోతది. అందుకని ఎక్కువ వేడికి పనికొచ్చే పైపు, ఏఎన్-10 అనే లావు సైజుది తెప్పించి ఆయన దగ్గరనే ఫిట్టింగులు ప్రెస్ చేయించిన. సన్న పైపు వేస్తే ఆయిల్ పోయేందుకు దారి చాలక ప్రెషర్ పడిపోతది. పైపు కోసినప్పుడు లోపల రబ్బర్ పొడి మిగులుతది, అది కడగకుండ బిగిస్తే సీదా ఇంజన్‌లకే పోతది.

రిమోట్ ఫిల్టర్ ఎందుకంటే, నా బండికి ఫిల్టర్ ఇంజన్ వెనక దిక్కు ఉంటది, బండి ఎత్తి కిందికెళ్లి చెయ్యి పెట్టి విప్పితే ఆయిల్ అంత డ్రైవ్ షాఫ్ట్ మీద కారుతది. ఇప్పుడు బ్యాటరీ పక్కన నిలబెట్టి పెట్టించిన, పైనుంచే మార్చుకుంటున్న. ఇండ్ల ఒక్క ముచ్చట చాలా ముఖ్యం, ఆయిల్ ఫిల్టర్ అంచు చుట్టు ఉన్న చిన్న బొక్కలకెళ్లి లోపలికి పోయి నడిమి బొక్కకెళ్లి బయటికి రావాలె. రెండు పైపులు అటుదిటు చేస్తే లోపలి రబ్బర్ వాల్వ్ ఆయిల్‌ను ఆపేస్తది. కొత్తగ బిగించినంక సీదా స్టార్ట్ కొట్టొద్దు. ఫిల్టర్, కూలర్ ముందే ఆయిల్‌తో నింపి, ఇంజన్ స్టార్ట్ కాకుండ ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసి, ఆయిల్ లైటు ఆరేదాక ఆగి ఆగి సెల్ఫ్ కొట్టాలె, తర్వాత ఫ్యూజ్ మళ్ల పెట్టి స్టార్ట్ చేసి ఆపి డిప్‌స్టిక్ చూసి తక్కువైనంత పోయాలె.

థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కేదాక కూలర్‌కు పోనియ్యని వాల్వ్) లేకుండ కూలర్ పెట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు. మాకు ఎండలే గదా, థర్మోస్టాట్ ఎందుకు అంటరు. డిసెంబర్ పొద్దుగాల ఇక్కడ గూడ చలి పెడుతది, ఇంటికాడినుంచి నాలుగు కిలోమీటర్లు పోయి ఆపే బండికి ఆయిల్ వేడే ఎక్కదు, అండ్ల చేరిన తేమ, కాలని పెట్రోల్ పోవు, మూత విప్పితే తెల్లగ మీగడ లెక్క కనపడుతది. 80, 85 డిగ్రీల దగ్గర తెర్చుకునే థర్మోస్టాట్ పెడితే ఆ బాధ తక్కువైతది.

ఇంకొకటి మన దిక్కు ప్రత్యేకం. వానాకాలం, యాసంగి కోతలప్పుడు రోడ్ల మీదనే వడ్లు ఆరబోస్తరు, పొట్టు ఎగురుతుంటది, అది కూలర్ సందుల్లో నిండుతది. హార్వెస్టర్ డ్రైవర్లు రోజూ రేడియేటర్‌కు గాలి కొట్టుకుంటరు, కారోళ్లకు ఆ అలవాటు లేదు. ముందు జాలి పెట్టి వారానికోసారి చూసుకోవాలె.

మీ పేజీల ఆయిల్ వేడి గురించి ఒక వారం పూర్తిగ రాయండి. పైపు ఏది వాడాలె, ఎట్ల బిగించాలె అన్నది తెలిసిన మెకానిక్కులను, మా మిర్యాలగూడ పెద్దాయన అసొంటోళ్లను అడిగి రాయండి, ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చదివే పిల్లలు గూడ మీ పేపర్ చదువుతరు. మాడిఫికేషన్ ఫోటో వేసినప్పుడు దాని వెనక పైపు, క్లిప్పు కనపడే ఫోటో గూడ పక్కన వేయండి. నా బండివి కావాలంటే పంపిస్త.

ఇట్లు,
మీ పాఠకుడు,
నల్లగొండ