అద్దె ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు: కౌన్సెలింగ్ సీజన్‌కు ముందే మారుతున్న షరతులు

ఖమ్మంలోని మా కంప్యూటర్ దుకాణం నుంచి ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు రోజుల లెక్కనో నెలల లెక్కనో తీసుకెళ్లే విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు, మహిళా సంఘాల లెక్కలు రాసే సభ్యులకు ఈ విషయాలు తెలియజేస్తున్నాను. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైతే కౌంటర్ దగ్గర నిలబడి మాట్లాడుకునే తీరిక ఎవరికీ ఉండదు కనుక, మారిన షరతులను కారణాలతో సహా ఇప్పుడే చెబుతున్నాను.

ముందుగా డబ్బు సంగతి. అద్దె పెరగడం లేదు. డిపాజిట్ కూడా ల్యాప్‌టాప్‌కు 3,000, ట్యాబ్‌కు 1,000 రూపాయలే ఉంటుంది. వస్తువు ఖరీదులో సగం డిపాజిట్‌గా తీసుకోమని తోటి వ్యాపారులు సలహా ఇచ్చారు గానీ, అంత సొమ్ము చేతిలో ఉన్నవారు వాయిదాల మీద కొత్తదే కొనుక్కుంటారు, నిజంగా అవసరమున్నవారే మా గుమ్మం ఎక్కలేకపోతారు. వస్తువు పోతే నష్టం నాది, తిరిగొచ్చిన వస్తువులో మీ వివరాలు మిగిలిపోతే నష్టం మీది. మా దగ్గర ఎక్కువగా జరుగుతున్నది ఈ రెండోదే.

తిరిగొచ్చిన ల్యాప్‌టాప్‌ను వైఫైకి కలపగానే తెర మూలన వాట్సాప్ వెబ్ సందేశాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడుతుంటాయి. పెళ్లి సంబంధం మాటలు, ఆసుపత్రి రిపోర్టులు, చేబదులు అడిగిన బావమరిది గోడు, అన్నీ మా కుర్రాడి కళ్ల ముందే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఆధార్ పీడీఎఫ్, దాని పక్కనే పదో తరగతి మెమో ఉంటాయి. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమా పడకండి. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్, ఆ రెండూ మెమోలోనే ఉన్నాయి. కౌన్సెలింగ్ సైటు పాస్‌వర్డ్‌ను బ్రౌజర్‌లో సేవ్ చేసి వదిలేయడం కూడా అంతే ప్రమాదం.

కనుక ఇకపై ప్రతి ల్యాప్‌టాప్‌లో మీ పేరున వేరే యూజర్ అకౌంట్ తెరిచి ఇస్తాం, తిరిగిచ్చేటప్పుడు దాన్ని మీ ఎదుటే తొలగిస్తాం. పూర్తి రీసెట్‌కు గంటలు పడుతుంది కాబట్టి అది రాత్రి చేస్తాం, అది పూర్తికాకుండా ఆ ల్యాప్‌టాప్ మరొకరి చేతికి వెళ్లదు. ట్యాబ్ అయితే మీ గూగుల్ అకౌంట్‌ను మీరే తీసేసి ఇవ్వాలి. తీయకుండా రీసెట్ కొడితే, దొంగల నుంచి కాపాడటానికి ఆండ్రాయిడ్‌లో పెట్టిన తాళం వల్ల అది మళ్లీ పాత అకౌంటే అడుగుతుంది, మేము మీ పాస్‌వర్డ్ కోసం ఫోన్ చేయాల్సి వస్తుంది. ఫోన్‌లో పాస్‌వర్డ్ అడిగే అలవాటు మాకూ వద్దు, చెప్పే అలవాటు మీకూ వద్దు. తొలగించిన ఫైళ్లను మేము తిరిగి తెచ్చి ఇవ్వలేము కనుక కావలసినవి ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

పోగొట్టుకున్న సందర్భంలో ఆలస్యమే అసలు శత్రువు. సిమ్ వేసే ట్యాబ్‌కు 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది, దాన్ని మీ బిల్లు మీదే రాసి ఇస్తాం. పోలీసు ఫిర్యాదు ప్రతి చేతికి రాగానే కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరును బ్లాక్ చేయిస్తే దేశంలోని ఏ మొబైల్ నెట్‌వర్క్‌లోనూ ఆ ట్యాబ్ పనిచేయదు. డబ్బు పోయిన అనుమానం ఉంటే మాకంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, మీ బ్యాంకుకు ఫోన్ చేయండి. ల్యాప్‌టాప్‌లకు సాధారణంగా ఇలా బ్లాక్ చేయించే సౌకర్యం ఉండదు, సీరియల్ నంబరే దిక్కు. అందుకే ల్యాప్‌టాప్‌కు మాత్రం ఊళ్లో ఉండే ఒకరి పూచీ సంతకం అడుగుతున్నాం.

అన్నిటిలోనూ ట్రాకింగ్ యాప్ వేసి పంపితే సరిపోతుంది కదా అని కొందరు అడిగారు. వేయను. అమెరికాలో అద్దె కంప్యూటర్లలో అలాంటి సాఫ్ట్‌వేర్ పెట్టిన దుకాణాలు, ఇళ్లలోని మనుషులను వెబ్‌క్యామ్‌తో ఫొటోలు తీసే దాకా వెళ్లి, 2012లో అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యకు గురయ్యాయి. మీ అమ్మాయి ఏ హాస్టల్లో ఏ వేళకు ఉందో నాకు తెలియవలసిన పని లేదు, తెలిసే వీలు కూడా ఉండకూడదు.

ఎవరు ఏ వస్తువు ఎప్పుడు తీసుకెళ్లారో మాత్రం రిజిస్టర్‌లో రాస్తాం. నెట్ సెంటర్లు వినియోగదారుల వివరాలను కనీసం ఏడాది భద్రపరచాలని 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి, ఇంటికి పంపే పరికరాలకూ అదే గడువు పెట్టుకున్నాం. ఎవరైనా మా పరికరంతో మోసానికి పాల్పడి పోలీసులు నా దగ్గరికి వస్తే చూపించడానికి ఆ రిజిస్టరే ఆధారం. దానికి చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు, ఒరిజినల్ కార్డు మా దగ్గర పెట్టుకోం.

తెర పగిలితే ఖర్చులో సగం మీది, ఛార్జర్ పోతే మొత్తం మీది, బ్యాటరీ అరిగితే మాదే. మన ఎండలకు కారులో వదిలేసినా, పరుపు మీద ఛార్జింగ్ పెట్టినా బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే వెంటనే స్విచాఫ్ చేసి తెచ్చివ్వండి, దానికి పైసా తీసుకోం. ఇప్పటికే మా పరికరాలు వాడుతున్నవారు తర్వాతి నెల అద్దె కట్టడానికి వచ్చినప్పుడు వస్తువును, ఛార్జర్‌ను వెంట తెస్తే, కొత్త బిల్లు రాసి అకౌంట్ మార్చి ఇస్తాం.